పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం: ‘స్టార్ వార్స్’ ఫిరంగులపై ఒక బాయిలరు ఇంజనీరు విమర్శ

మొన్న మన సంఘం ఉగాది విందులో, పెద్దలంతా పులిహోర వంతు కోసం వరుసలో నిలబడి ఉండగా, పిల్లల బల్ల దగ్గర పెద్ద వాదన చెలరేగింది. ‘స్టార్ వార్స్’ చిత్రంలోని డెత్ స్టార్ అనే యంత్రం ఒక గ్రహాన్ని ఎలా పేల్చగలిగిందన్నది ప్రశ్న. పక్కనే ఉన్న డాక్టరుగారు “ఇందులో కొత్తేముందర్రా, మన బ్రహ్మాస్త్రమే కదా, పేరు మార్చారు” అన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పే మరో మిత్రుడు “అదంతా బొమ్మల సినిమా, దానికి లెక్కలేమిటి” అని కొట్టిపారేశారు. పిల్లలు ఇద్దరి వంకా చూసి, ఏమీ తేలక, మళ్ళీ తమలో తాము పోట్లాడుకోసాగారు.

ఆ రెండు జవాబులూ నాకు నచ్చలేదు. మొదటిది ప్రశ్నను మన ఖాతాలో వేసుకొని మూసేసింది. రెండవది ప్రశ్న అడగడమే తప్పన్నది. సంపాదకులు “అయితే మీరే వ్రాయండి” అన్నారు గనుక ఈ నాలుగు మాటలు.

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. వయసులో ఉండగా పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ స్టేషన్లో బాయిలర్ల పక్కన చెమటలు కక్కినవాణ్ణి. ఆ తరువాత ఈ దేశం వచ్చి అదే పనిలో పదవీ విరమణ చేసినవాణ్ణి. 1977 వేసవిలో, వచ్చిన కొత్తలో, మేము నలుగురు తెలుగు కుర్రాళ్ళం ఒకే కారులో వెళ్ళి ఆ చిత్రం చూశాము. ఇన్నేళ్ళకు దానిని మనవరాలి పక్కన కూర్చొని మళ్ళీ చూశాను. ఆ రెండోసారి నేను చేసిన తప్పును గురించి చివర చెబుతాను.

* * *

ముందుగా ఫిరంగుల సంగతి. ఆ చిత్రంలో పెద్ద ఓడల మీద ఉండే వాటికి టర్బోలేజర్లని పేరు. ఎర్రగానో పచ్చగానో జానెడు వెలుతురు ముక్కలు ఒకదాని వెనుక ఒకటి దూసుకుపోతుంటాయి. పేరులో లేజర్ ఉన్నా అవి లేజర్లు కానేరవు. దానికి మూడు కారణాలు చెప్పవచ్చు.

ఒకటి, కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నిజమైన లేజరయితే మీట నొక్కడం, తగలడం మన కంటికి ఒకేసారి జరుగుతాయి. ఎదుటివాడు చూసి తప్పుకొనే వ్యవధి ఉండదు. చిత్రంలో మాత్రం పైలట్లు హాయిగా పక్కకు తప్పుకుంటారు.

రెండు, శూన్యంలో పక్కనుంచి పోయే కాంతి మనకు కనబడదు. తెల్లవారుజామున మన వంటింట్లో కిటికీ నుంచి ఎండ పట్టీలాగా కనబడుతోందంటే అది పొగా దుమ్మూ చేసే ఉపకారం. కాంతి ఆ రేణువుల మీద పడి చెదిరి మన కంటికి వస్తోంది. చెదరగొట్టే రేణువే లేనిచోట, గురి పెట్టినవాడి కంటిలో పడితే తప్ప, ఆ కిరణం ఉన్నట్టే తెలియదు.

మూడు, శూన్యంలో శబ్దం లేదు. మనం వినే ఆ ‘ప్యూఁ’ మనే చప్పుడు బెన్ బర్ట్ అనే శబ్దశిల్పి చేసిన పని. ఒక రేడియో స్తంభాన్ని నిలబెట్టిన ఉక్కు తీగను సుత్తితో కొట్టి దానిని పట్టుకొన్నాడు. అలాంటి బిగించిన తీగలో కీచుగా ఉండే అలలు ముందు పరుగెత్తుతాయి, బొంగురువి వెనుక వస్తాయి. అందుకే ఆ శబ్దం పైనుంచి కిందికి జారినట్టుంటుంది. మన ఊళ్ళల్లో కరెంటు స్తంభాలను పట్టి ఉంచే స్టే తీగల మీద రాళ్ళు విసిరిన వాళ్ళెవరికైనా ఈ శబ్దం కొత్త కాదు.

లేజర్ కాకపోతే అవి ఏమిటి? ఆ చిత్రలోకం గురించి తరువాత వచ్చిన పుస్తకాలు ఒక సమాధానం చెప్పాయి. టిబానా అనే వాయువును బాగా కాచి, ప్లాస్మాగా మార్చి, గుండులాగా విసురుతారట. 1980లో వచ్చిన రెండో చిత్రంలో మబ్బుల్లో తేలే నగరం ఆ వాయువు తవ్వే గనే. గుండు మెల్లగా పోవడానికీ, మెరుస్తూ కనబడటానికీ ఈ సమాధానం సరిపోతుంది. కాని ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. వేడి వాయువును శూన్యంలోకి వదిలితే అది గుండుగా నిలవదు. ప్రెషర్ కుక్కరు మూత తీసినప్పటి ఆవిరిలాగా అన్ని వైపులకూ విచ్చిపోతుంది. దాన్ని పట్టి ఉంచే అయస్కాంతపు సంచీ ఏదో గుండుతోపాటు ప్రయాణించాలి. అదెలాగో ఆ లోకంవాళ్ళు చెప్పరు.

నిజానికి ఈ ఫిరంగుల రహస్యం భౌతికశాస్త్రంలో లేదు, చరిత్రలో ఉంది. ఆ చిత్రం తీసేటప్పుడు జార్జ్ లూకాస్ రెండవ ప్రపంచ యుద్ధపు విమాన పోరాటాల ముక్కలు కూర్చి, తన కళాకారులకు నమూనాగా ఇచ్చాడు. అప్పటి మరతుపాకుల్లో, గురి ఎటు పోతోందో కనబడటానికి, మధ్య మధ్య మండుతూ పోయే గుండ్లు పెట్టేవారు. టర్బోలేజర్ వెలుతురు ముక్క ఆ మండే గుండుకు మనవడు. చివరి యుద్ధంలో డెత్ స్టార్ మీది పెద్ద ఫిరంగులు చిన్న విమానాలను కొట్టలేకపోవడం కూడా అక్కడిదే. పెద్ద ఓడల కోసం చేసిన ఫిరంగి చిన్నదాని వెంట అంత వేగంగా తిరగలేదు. 1941 డిసెంబరు 10న మలయా తీరానికి ఆవల ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు మహా యుద్ధనౌకలు జపాను విమానాల చేతిలో మునిగిపోయినప్పుడు లోకం ఈ పాఠమే నేర్చుకొంది.

ఇక్కడ మన పౌరాణిక చిత్రాలు జ్ఞాపకం వస్తాయి. ఈ కొసనుంచి ఒక బాణం, ఆ కొసనుంచి ఒక బాణం తాపీగా బయలుదేరి, తెర మధ్యలో ఎదురుపడి, ఒకటి నిప్పులు కక్కితే మరొకటి నీళ్ళు కురిసి, చివరకు ఒకటి ఓడిపోయి రాలిపోవడం మనమందరం నేల క్లాసులో కూర్చొని చూసినవాళ్ళమే. బాణం అంత మెల్లగా పోతుందా అని ఎవరమూ అడగలేదు. ఎందుకంటే అక్కడ బాణం ఒక సంభాషణ. ఒకరు ఒక మాట అన్నారు, ఇంకొకరు బదులు చెప్పారు. తగిలే లోపల మనం భయపడటానికి కాస్త సమయం కావాలి. లూకాస్ వెలుతురు ముక్కకూ అదే పని. కనుక టర్బోలేజర్ కాంతివేగంతో పోవడం లేదని తప్పు పట్టడం, నాటకంలో రాజు పద్యం పాడుతూ యుద్ధం చేస్తాడేమిటని తప్పు పట్టడం వంటిది. ఆ తప్పు నేను పట్టను.

* * *

కాని డెత్ స్టార్ సంగతి వేరు. చిత్రం కథంతా దాని శక్తి మీద నిలబడింది గనుక ఆ శక్తిని లెక్క వేయమని చిత్రమే మనల్ని పిలుస్తోంది.

మన భూమి వంటి గ్రహం ఎందుకు ముద్దగా ఉంటోంది? తన బరువే తన్ను పట్టి ఉంచుతోంది. ఆ పట్టు విడగొట్టి, ప్రతి రాతినీ మళ్ళీ వెనక్కి పడకుండా తరిమివేయాలంటే కావలసిన శక్తి సుమారు 2 పక్కన 32 సున్నాలు పెట్టినన్ని జూళ్ళు. సున్నాలు చెబితే మనసుకు పట్టదు కాబట్టి ఇలా చెబుతాను. సూర్యుడు అన్ని దిక్కులకూ విరజిమ్మే మొత్తం వెలుగునూ వేడినీ, ఒక్క చుక్క పోకుండా, దాదాపు ఒక వారం రోజులు కూడబెడితే అంత అవుతుంది. ఐన్‌స్టయిన్ సూత్రం ప్రకారం పదార్థాన్నే పూర్తిగా శక్తిగా మార్చగలిగితే, సుమారు 2.5 లక్షల కోట్ల టన్నుల పదార్థం మాయం కావాలి.

ఇది కూడా చవక బేరమే. గ్రహం ముక్కలు తప్పించుకొని పోవడానికి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం చాలు. ఆ వేగంతో పోతే, భూమి వంటి గోళం ఉబ్బి తనకు రెండింతలు కావడానికే తొమ్మిది నిమిషాలకు పైగా పడుతుంది. తెర మీద ఆల్డెరాన్ గ్రహం రెప్పపాటులో ఎగిరిపోయింది. అంత వేగానికి పైన చెప్పిన శక్తికి వేల రెట్లు కావాలి. సరే, ఆ అదనాన్ని వదిలేద్దాము. చవక లెక్కతోనే పోదాము.

కాంతికి బరువు లేకపోయినా తోపు ఉంది. తుపాకీ పేలిస్తే భుజానికి దెబ్బ తగిలినట్టే, కాంతిని వదిలినవాడూ వెనక్కి తోయబడతాడు. టార్చిలైటు విషయంలో అది లెక్కలోకి రాదు. డెత్ స్టార్ అడ్డం 160 కిలోమీటర్లనీ, లోపలి గదులూ ఖాళీలూ కలుపుకొని సగటున నీళ్ళంత సాంద్రమనీ అనుకొని లెక్క వేశాను. ఒక్కసారి కాల్చేసరికి అది సెకనుకు సుమారు 350 కిలోమీటర్ల వేగంతో వెనక్కి ఎగిరిపోవాలి. తెర మీద టార్కిన్ అధికారి తొణకకుండా చేతులు కట్టుకొని నిలబడి ఉంటాడు.

ఇంకొక ముచ్చట. కొన్ని చిన్న కిరణాలు పళ్ళెం ముందు ఒక బిందువు దగ్గర కలిసి ఒకే లావు కిరణమై పోవడం చూసే ఉంటారు. చూడటానికి గొప్పగా ఉంటుంది. కాని రెండు టార్చిలైట్ల వెలుగులు అడ్డంగా దాటితే ఒకదానిలోంచి ఒకటి నిక్షేపంగా పోతాయి, కలిసి దారి మార్చుకోవు. అక్కడ అద్దమో స్ఫటికమో ఏదో ఒకటి ఉండాలి. తరువాతి కథల్లో కైబర్ అనే స్ఫటికాలను తెచ్చిపెట్టారు గాని, అవి ఉండేది యంత్రం లోపల, ఆ బిందువు దగ్గర కాదు.

* * *

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఇదే.

బాయిలరు దగ్గర పనిచేసినవాడికి మొట్టమొదట ఒంటికి పట్టే నిజం, వేడి అంతా పనికి రాదన్నది. వంద పాళ్ళ బొగ్గు శక్తి పోస్తే ముప్పయ్యయిదో, నలభయ్యో పాళ్ళు కరెంటుగా బయటకు వస్తాయి. మిగిలినదంతా పొగగొట్టం ద్వారానో, కూలింగ్ టవర్ల మీదుగానో ఆకాశం పాలు చేయాలి. కొత్తవాళ్ళు టర్బైను చూసి నోరు తెరుస్తారు. పాతవాళ్ళు కూలింగ్ నీళ్ళు వస్తున్నాయా లేదా అని చూస్తారు. కిన్నెరసాని నీళ్ళు ఆగితే పాల్వంచలో టర్బైను ఎంత గొప్పదయినా ఆగవలసిందే.

డెత్ స్టార్ యంత్రం మనకంటే ఎంతో మెరుగైనదనుకొందాము. అందులో వ్యర్థమయ్యే వేడి కోటి పాళ్ళలో ఒక్క పాలు మాత్రమే అనుకొందాము. అంత సమర్థమైన యంత్రం మానవుడు కలలో కూడా చేయలేదు. ఆ ఒక్క పాలు వేడి చాలు, ఆ ఓడ ఇనుమంతా కరగడం కాదు, ఆవిరైపోవడానికి. గ్రహాన్ని పేల్చే యంత్రానికి మొదటి శత్రువు ఆ గ్రహం కాదు, తన వేడే.

ఇక చిత్రంలో ఆ యంత్రం దేని వల్ల నాశనమయింది? వేడి బయటకు పోయే గొట్టం వల్ల! రెండు మీటర్ల వెడల్పుండే ఒక చిన్న రంధ్రం. దానిలోంచి దారి తిన్నగా రియాక్టరు దగ్గరకు పోతుంది. కుర్రవాడు అందులోకి గుండు వదిలాడు, అంతా అయిపోయింది.

అంత గొప్ప కోటకు ఇంత తెలివితక్కువ కన్నం ఎవడు పెట్టాడని నలభై ఏళ్ళ పాటు ప్రేక్షకులు పరిహాసం చేశారు. 1977లో థియేటరులో నా మిత్రులూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. అన్నీ కాకమ్మ కథలే అనుకొంటున్న ఆ చిత్రంలో నాకు నిజమనిపించిన మొదటి ముక్క అదే. వేడి ఉన్నచోట గొట్టం ఉండి తీరాలి. శక్తి ఎంత పెద్దదయితే ఆ గొట్టం అంత తప్పనిసరి. ఆ రంధ్రం ఉండటం తప్పు కాదు, రెండు మీటర్లే ఉండటం తప్పు. అంత వేడికి ఆ ఓడ ఒంటినిండా రంధ్రాలే ఉండాలి. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, అతి బలానికి బలహీనత బయటనుంచి రాదనీ, ఆ బలంలోనే పుడుతుందనీ ఆ కథ చెప్పింది. దుర్యోధనుడి తొడ కథ తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

అందుకే 2016లో వచ్చిన ‘రోగ్ వన్’ నన్ను కొంత సంతోషపెట్టి, కొంత నిరుత్సాహపరచింది. ఆ చిత్రంలో ఆ యంత్రం కట్టిన శాస్త్రజ్ఞుడు గేలెన్ ఎర్సో, బలవంతాన పనిచేస్తూ, రియాక్టరులో కావాలని ఒక లోపం దాచిపెడతాడు. పరిహాసాలకు జవాబు చెప్పాలని కథకులు పడిన శ్రమ అది. కథగా మంచిదే. తండ్రీ కూతుళ్ళ ఘట్టాలు కంట తడి పెట్టిస్తాయి. కాని ప్రకృతి ధర్మంగా ఉన్నది ఒక మనిషి పన్నాగంగా మారిపోయింది. ఎర్సో వంటి సజ్జనుడు దొరక్కపోతే ఆ యంత్రం నిర్దోషంగా ఉండేదన్నమాట! మొదటి చిత్రం, తనకు తెలియకుండానే, అంతకంటే లోతైన మాట చెప్పింది.

2015 నాటి ‘ది ఫోర్స్ అవేకెన్స్’ లోని స్టార్‌కిల్లర్ గురించి ఒక్క వాక్యం చాలు. ఒక వారం సూర్యరశ్మితో అయ్యే పనికి అది నక్షత్రాన్నే తాగేస్తుంది. మన భాషలో దీనికి తయారుగా సామెత ఉంది, అదే ఈ వ్యాసానికి శీర్షిక పెట్టుకొన్నాను. ఆయుధం పెరిగిన కొద్దీ భయం పెరుగుతుందనుకోవడం కథకుల భ్రమ. ఒక గ్రహం పోయినప్పుడు గుండె ఝల్లుమంది. అయిదు గ్రహాలు ఒక్కసారి పోయినప్పుడు నేను పాప్‌కార్న్ నములుతూనే ఉన్నాను.

* * *

పోల్చి చూడటానికి ఒక పాత పుస్తకం. హెచ్. జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ 1898లో పుస్తకంగా వచ్చింది. అంగారకులు తెచ్చిన వేడికిరణం అందులో ఉంది. మొదటి లేజరును థియొడోర్ మైమన్ 1960 మే 16న వెలిగించాడు. అంటే వెల్స్ అంతకు 62 ఏళ్ళ ముందు వ్రాశాడు. ఆయన కిరణం కంటికి కనబడదు. వేడిని బయటకు పోనివ్వని ఒక గదిలో పుట్టి, నునుపైన అద్దం మీదుగా తిన్నగా పోతుందని ఆయన ఊహ. వేడి ఎక్కడ పుడుతుంది, ఎందులో నిలుస్తుంది, ఎలా తిన్నగా పోతుంది అనే మూడు ప్రశ్నలూ ఆయనే వేసుకొన్నాడు. అంతకంటే ముఖ్యం, ఆ కిరణాన్ని ఆయన కొట్టినవాడి వైపునుంచి చూపలేదు. తెల్లజెండా పట్టుకొని సంధి మాట్లాడబోయిన మనుషులు కాలిపోవడం చూసి, చీకట్లో పరుగెత్తిన ఒక సామాన్యుడి వైపునుంచి చూపాడు.

ఇటువంటి ఊహలను లెక్కకు పెడితే ఏమవుతుందో చరిత్రలో ఒక చక్కని ఉదంతం ఉంది. 1935 మొదట్లో ఇంగ్లండు వైమానిక శాఖవారు, శత్రు విమానాలను కూల్చే మృత్యుకిరణం రేడియో తరంగాలతో సాధ్యమా అని రాబర్ట్ వాట్సన్-వాట్‌ను అడిగారు. ఆయన ఆ లెక్కను తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు ఇచ్చారు. దూరాన ఉన్న మనిషి ఒంట్లోని నీటిని జ్వరం వచ్చేంత వేడి చేయడానికే అసాధ్యమైనంత శక్తి కావాలని తేలింది. మృత్యుకిరణం అక్కడితో చచ్చింది. కాని, చంపలేకపోతే పోనీ, విమానం మీద తగిలి తిరిగి వచ్చే తరంగంతో అది ఎక్కడుందో తెలుసుకోవచ్చు కదా అని విల్కిన్స్‌కు తోచింది. ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర పరీక్ష చేశారు. ఆ దారినే ఇంగ్లండుకు రాడారు దక్కింది. కల్పనను గుడ్డిగా నమ్మి ఉంటే డబ్బు తగలేసేవారు, పిచ్చి ప్రశ్న అని నవ్వి ఉంటే రాడారు అంత త్వరగా వచ్చేది కాదు. లెక్క వేశారు కనుక బాగుపడ్డారు.

లెక్క వేయకముందే మురిసిపోయిన ఉదంతమూ ఉంది. 1983 మార్చి 23న ప్రెసిడెంటు రీగన్ ఆకాశంలో క్షిపణులను అడ్డగించే పథకం ప్రకటించాడు. మరునాటికే దానికి ‘స్టార్ వార్స్’ అని పేరు పడింది. సినిమావాళ్ళు కోర్టుకెక్కినా 1985లో ఆ పేరు ఆపలేకపోయారు. కిరణాయుధాలు అందులో పెద్ద ఆకర్షణ. 1987లో అమెరికా భౌతికశాస్త్ర సంఘంవారు నిదానంగా లెక్కలు కట్టి, కావలసిన స్థాయికి అప్పటి కిరణాలు ఎన్నో రెట్లు వెనుకబడి ఉన్నాయని నివేదిక ఇచ్చారు. ఉదాహరణకు ఒక్క మాట. మీటరు వెడల్పు అద్దంతో ఎంత శుద్ధమైన కిరణం పంపినా, చంద్రుడి దగ్గరకు చేరేసరికి అది దాదాపు కిలోమీటరు వెడల్పుకు విచ్చుకుంటుంది. కాంతి స్వభావం అది. తెర మీద కిరణం ఎంత దూరం పోయినా దారంలాగే ఉంటుంది. తెర మీది దారాన్ని చూసి ఓటర్లు పన్ను కట్టడానికి సిద్ధపడితే, విమర్శకుడి పని సినిమా పేజీతో అయిపోలేదన్నమాట.

నేటి నిజం మన సీమలోనే ఉంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర మన రక్షణ పరిశోధన సంస్థవారు బండి మీద అమర్చిన లేజరుతో డ్రోనులను కూల్చి చూపించారు. దాన్ని తయారుచేసింది హైదరాబాదు ప్రయోగశాల. దాని బలం 30 కిలోవాట్లు. ఈ దేశపు నౌకాదళం 2014లో ఒక ఓడ మీద పెట్టినదీ అంతే. అటువంటి కిరణాన్ని ఒకేచోట అయిదు సెకన్లు నిలిపితే పోసే శక్తి ఒక చెంచాడు పెట్రోలులో ఉన్నంత. అందులో మెరుపు లేదు, చప్పుడు లేదు. కిరణం కంటికి కనబడదు. పారిపోతున్న డ్రోను మీద ఒకే చుక్క దగ్గర చూపు చెదరకుండా నిలపడమే అసలు విద్య. చెట్టు కాదు, కొమ్మ కాదు, పక్షి కన్ను మాత్రమే కనబడుతోందన్న అర్జునుడి పని అది. డెత్ స్టార్‌లో ఉన్నది బలం, కర్నూలులో ఉన్నది గురి.

* * *

ఇక డాక్టరుగారి బ్రహ్మాస్త్రం. వారి మాటను నేను పూర్తిగా కాదనను, పూర్తిగా ఒప్పుకోను. పూర్వులు లేజర్లు చేశారనడానికి ఆధారం లేదు. అలా చెప్పుకొంటే పిల్లలు మన మిగతా మాటలను కూడా నమ్మరు. కాని శక్తి ఆయుధాన్ని కథలో ఎలా వాడాలన్న విద్యలో మాత్రం భారతం ముందుంది.

సౌప్తిక పర్వంలో అశ్వత్థామ గడ్డిపరక మీద బ్రహ్మశిరోనామకమైన అస్త్రాన్ని ఆవాహన చేస్తాడు. అర్జునుడు ఎదురు ప్రయోగిస్తాడు. మధ్యలో వ్యాస నారదులు నిలబడి వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు ఉపసంహరించాడు. అశ్వత్థామకు వదలడమే వచ్చు, మళ్ళించడం చేతకాదు. అది ఉత్తర గర్భం మీద పడింది. ఇక్కడ అస్త్రం ఎలా పనిచేస్తుందన్న దానికి ఒక్క సూత్రమూ లేదు. కాని ఎవడికి అర్హత, ఎప్పుడు వాడరాదు, మళ్ళించడం ఎలా, అస్త్రాన్ని అస్త్రం ఎదిరించిన నేల మీద పన్నెండేళ్ళు వాన పడదన్న ఖరీదు, అన్నీ ఉన్నాయి. జూళ్ళు తెలియని రైతుకు కూడా ఆ చివరి లెక్క అర్థమవుతుంది.

మరొక సంగతి. సౌప్తికం తరువాత వచ్చేది స్త్రీపర్వం. కథ అక్కడ ఆగుతుంది. గాంధారి యుద్ధభూమిలో శవం శవం దగ్గర నిలబడి ఏడుస్తుంది. ఆ ఏడుపునూ తిక్కనగారు మనకు తెలుగులో ఇచ్చారు.

‘స్టార్ వార్స్’ లో స్త్రీపర్వం లేదు. ఆల్డెరాన్ పోయినప్పుడు, దూరాన ఉన్న ఓబీ-వాన్ ఒక్క క్షణం గుండె పట్టుకొని కూర్చుంటాడు. తరువాత కుర్రవాడి కత్తిసాము, చదరంగం ఆట, హాస్యం. తల్లిదండ్రులనూ, పుట్టిన నేలనూ కళ్ళ ముందే పోగొట్టుకొన్న లియా ఏడ్చే ఘట్టం ఒక్కటీ లేదు. పైగా, రెండు రోజుల పరిచయమున్న గురువు పోయాడని దిగులుగా కూర్చున్న లూక్ భుజాల మీద దుప్పటి కప్పి ఊరడించేది ఆమే! ఈ చిత్రంలో నేను పట్టే అసలు తప్పు ఇది. కాంతివేగం తప్పడం తప్పు కాదు. వెనక్కి తోపు లేకపోవడం పెద్ద తప్పు కాదు. గ్రహాన్ని పేల్చినవాడికి వేడి రూపంలో శిక్ష వేసిన కథ, గ్రహం పోగొట్టుకొన్న పిల్లకు కన్నీరు కార్చే వ్యవధి ఇవ్వలేదు.

ఈ మాట నాకై నాకు తోచలేదు. మొన్న మనవరాలితో చిత్రం చూస్తూ నేను అడుగడుగునా ఆపి, “ఇక్కడ శబ్దం రాదు, ఇక్కడ కాంతి కనబడదు” అని పాఠం చెబుతూ పోయాను. ఆ పిల్ల మొదట తలూపింది, తరువాత ఊరుకొంది. గ్రహం పేలినప్పుడు నేను సూర్యుడి వారం లెక్క మొదలుపెట్టాను. అప్పుడు మెల్లగా అడిగింది: “తాతయ్యా, ఆ అమ్మాయికి ఇంక ఇల్లు లేదు కదా, ఎక్కడికి వెళ్తుంది?”

నా దగ్గర జవాబు లేదు. ఆ చిత్రం దగ్గరా లేదు. ఇల్లు విడిచి ఇంత దూరం వచ్చి, అమ్మానాన్నలు పోయినప్పుడు విమానం అందక ఫోనులోనే ఏడ్చినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాము. ఆ ప్రశ్న ముందుగా తట్టవలసింది నాకు. లెక్కలో పడి వినిపించుకోలేదు. ఆ రోజు మిగతా చిత్రం నోరు మూసుకొని చూశాను.

కాబట్టి పిల్లలు అడిగితే ఈ విధంగా చెప్పమని మనవి. లెక్క వేయండి, తప్పకుండా వేయండి. మృత్యుకిరణం పోయి రాడారు వచ్చింది లెక్క వల్లనే. కాని లెక్క తేలిన తరువాత, ఆ ఆయుధం ఎవరి ఇంటి మీద పడిందో కూడా అడగండి. రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పే కథ మంచి కథ. ఒకదానికే చెప్పేది సగం కథ. ‘స్టార్ వార్స్’ నాకు ఇప్పటికీ ఇష్టమైన సగం కథ.

నా లెక్కల్లో తప్పులుంటే పెద్దలు దిద్దగలరు. డాక్టరుగారు బదులు వ్రాస్తారని ఆశిస్తున్నాను. వచ్చే విందులో వారి పక్కనే కూర్చుంటాను.